మందెవరిది?

మా అక్క వంటయింటి గూటిలో ఉప్పుజాడీ ప్రక్కన ఒక చిన్న తెల్లని డబ్బా ఉండును. ఇరువదియేండ్లకు పైగా ఆ చోటు దానిదే. డబ్బాలు మారుచున్నవి గాని చోటు మారలేదు. రాత్రి భోజనము కాగానే ఆమె దానిలోనుండి ఒక బిళ్ళ తీసి, గ్లాసెడు నీళ్ళతో మ్రింగి, మూత బిగించి, మరల గూటిలో నుంచి, కంచము లెత్తుటకు పూనుకొనును. ఇందులో ఇప్పుడెవరికిని విశేషమేమియు తోచదు. ఆమె మనుమరాలి లెక్కలో అది అమ్మమ్మ భోజనమునందు కడపటి ముద్ద.

నెలకొకసారి ఆ డబ్బా తెచ్చి యిచ్చుట నా పని. నేను హాలియాలో ఉపాధ్యాయుడను. పిల్లలకు తెలుగు చెప్పుదును. అడిగినవారికి సంస్కృతమును, అక్కర పడినప్పుడు ఇంగ్లీషును కూడ చెప్పుదును. వైద్యశాస్త్రము గాని న్యాయశాస్త్రము గాని నేను చదివినవాడను కాను. ఈ విషయమై వ్రాయుటకు నాకు గల అధికారమంతయు ఇన్నేండ్లుగా ఆ డబ్బాను మోయుటయే.

2004వ సంవత్సరపు తొలి దినములలో మా అక్కకు అలసట, రాత్రివేళ చెమటలు, ఎడమ డొక్కలో బరువు కనబడెను. నాట్ల పనిలో అలసట ఎవరికుండదని మేము కొన్నాళ్ళు ఊరకుంటిమి. పిదప రక్తపరీక్ష చేయింపగా తెల్లకణములు లెక్కకు మించి యున్నవి. హైదరాబాదులో దానిని క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనిరి. అనగా ఒకవిధమగు రక్తపు క్యాన్సరు. ఆమెకప్పుడు ముప్పదిరెండేండ్లు. పిల్లలిద్దరును బడికి పోవుచుండిరి. వైద్యుడు దయగలవాడు. ఆయన మా బావ భుజముపై చేయివేసి, "అయిదేండ్ల కింద అయితే నేను వేరే తీరుగ మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు దీనికి బిళ్ళ వచ్చింది. రోజూ వేసుకుంటే మనిషి మామూలుగ బతుకుతది" అనెను. మేము ముగ్గురమును ఒక్కసారి ఊపిరి పీల్చుకొంటిమి. ఆపై వెల చెప్పెను. నెలకు లక్ష ఇరువదివేల రూపాయలు. నెలకు, అనగా ప్రతినెలకు. ఆమె బ్రతికినంత కాలము.

నేనప్పుడు కొత్తగా ఉద్యోగమున చేరినవాడను. నా జీతము ఏడువేలకు లోపల. బావకు సాగరు ఎడమకాలువ క్రింద మూడెకరముల మాగాణి కలదు. ఆసుపత్రి ఖర్చులు, పరీక్షలు, హైదరాబాదున బస, మొదటి విడత మందు, వీనికై ఒక ఎకరము అమ్మితిమి. తొందరలో అమ్మినవానికి వెల ఎట్లు వచ్చునో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అదే మందును మన దేశపువారును చేయుచున్నారనియు, దాని ఖరీదు నెలకు ఎనిమిది పదివేలలోనే యున్నదనియు ఎవరో చెప్పగా నేను దుకాణములన్నియు తిరిగితిని. ఒక దుకాణదారుడు తల యెత్తకయే, "మనోళ్ళ మందు ఉండె సార్, ఇప్పుడు వస్తలేదు. కోర్టుల ఉన్నదంట" అనెను.

మందు కోర్టులో ఉన్నది! మనుష్యులు కోర్టులో నుందురని, పొలముల గట్లు కోర్టులో నుండునని నేనెరుగుదును. రోగి నోటిలో పడవలసిన బిళ్ళ కోర్టులో నుండుట అదియే మొదటిసారి వింటిని. కొన్ని వారములు తిరిగిన పిమ్మట వేరొక దుకాణమున అది దొరకినది. అక్క బ్రతికినది. పొలము మాత్రము తిరిగి రాలేదు. ఆ దుకాణదారుని మాటకు అర్థమేమో తెలిసికొనవలెనను పట్టుదల నాకప్పుడు పుట్టినది, నేటికిని వదలలేదు.

పేటెంటు అను మాటకు లాటినున తెరచియుండుట అని అర్థము. పూర్వము రాజు తన ముద్రవేసి, ఎల్లరు చదువుకొనునట్లు మడవకుండ ఇచ్చిన పత్రమునకు ఆ పేరు. సంస్కృత పదములు కూర్చువారు దానిని ఏకస్వమనిరి, అనగా ఒక్కనిదే యగు సొత్తు. తెరచినదని ఒక భాష, ఒక్కనిదని వేరొక భాష. ఒకే వస్తువునకు ఇంతటి ఎదురుబొదురు పేర్లు నేను నిఘంటువులలో తరచుగా చూడలేదు. చిత్రమేమనగా రెండును నిజమే. కనిపెట్టినవాడు తన రహస్యమును లోకమునకు వ్రాసి చూపవలెను. దానికి బదులుగా కొన్నేండ్లపాటు, నేడు ఇరువదియేండ్లు, ఇతరులెవ్వరును ఆతని యనుమతి లేక దానిని చేయరాదు. ఇది ప్రభుత్వమునకును పరిశోధకునకును నడుమ జరిగిన బేరము. ఈ బేరమున రోగి సంతకము ఎక్కడను లేదు.

బ్రిటిషువారి కాలమున 1911లో చేసిన పేటెంటు చట్టమే మనకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ చాలకాలము నడచినది. దాని క్రింద మందునకే హక్కు ఉండెను. దాని ఫలమెట్టిదో ఒక్క ఉదాహరణము చాలును. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను పేగులజబ్బుతో చనిపోయిరి. ఆయన వైద్యము చదివి, 1923లో అమెరికా చేరి, తరువాత లెడర్లే ప్రయోగశాలలలో పరిశోధనలకు అధ్యక్షుడయ్యెను. ఆ జబ్బునకు పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును, బోదకాలు పురుగును చంపు మందును ఆయన పర్యవేక్షణలోనే తయారుచేసిరి. పిల్లల రక్తపు క్యాన్సరును కొంతకాలము వెనుకకు నెట్టగలిగిన మొదటి మందును బోస్టనులోని వైద్యుడు సిడ్నీ ఫార్బరునకు పంపినదియు ఆ ప్రయోగశాలయే. అక్కడనే 1948లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ బయటికి వచ్చెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. ఆరియోమైసినుపై హక్కు ఆ ప్రయోగశాల యజమానియగు అమెరికన్ సయనమిడ్ సంస్థది. తరువాత పదిపండ్రెండేండ్లకు అమెరికా సెనేటులో ఎస్టెస్ కెఫావర్ అధ్యక్షతన మందుల వెలలపై విచారణ జరిగినప్పుడు తేలినదేమనగా, ఆరియోమైసినునకు లోకమున అత్యధికమగు వెల పెట్టి కొనుచున్న దేశములలో భారతదేశ మొకటి. భీమవరపు బిడ్డ ఏలిన ప్రయోగశాలలో పుట్టిన మందును భీమవరపు రోగి లోకములోని ధనవంతులకంటె హెచ్చు వెలకు కొనవలసి వచ్చినది. మా పిల్లలకు సుబ్బారావుగారి పాఠము చెప్పునప్పుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును. పాఠ్యపుస్తకమున ఇది లేదు.

1959లో న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారుగారు ఒక నివేదికను సమర్పించిరి. మన దేశమున నమోదైన పేటెంటులలో అత్యధికభాగము విదేశీయులవనియు, వారిలో పెక్కురు ఆ వస్తువులను ఇక్కడ తయారుచేయుటకు గాక ఇతరులు చేయకుండుటకే వానిని ఉంచుకొనిరనియు అందు చూపబడినది. దానిని అనుసరించి 1970లో కొత్త చట్టము చేసిరి. 1972లో అది అమలునకు వచ్చెను. మందునకు గాక, మందును చేయు విధానమునకు మాత్రమే హక్కు అని అందలి సారము. ఇంటివారికి తెలియునట్లు చెప్పవలెనన్న, జొన్నరొట్టెపై ఎవరికిని హక్కు లేదు, మీరు రొట్టె తట్టు పద్ధతిపై మీకు కొన్నేండ్లు హక్కు కలదు. పొరుగింటావిడ వేరొక పద్ధతిని తట్టి పెనముమీద వేసికొన్న మీరు అడ్డు చెప్పరాదు. ఈ చిన్న మార్పువలన హైదరాబాదు మారిపోయెను. బాలానగరున ఐ.డి.పి.ఎల్. వారి ప్రభుత్వ కర్మాగారమున పని నేర్చుకొన్నవారు తమ తమ సంస్థలు పెట్టుకొనిరి; కల్లం అంజిరెడ్డిగారు వారిలో ప్రసిద్ధులు. ఒకే మందును పలువురు పలు పద్ధతుల చేయగా వెలలు దిగినవి.

మన దేశము 1995లో ప్రపంచ వాణిజ్యసంస్థలో చేరినందున, 2005 జనవరి 1వ తేదీనుండి మరల మందునకే హక్కు ఇయ్యవలసి వచ్చెను. ఆ నడిమి పదేండ్లకు ఒక తాత్కాలికపు ఏర్పాటు చేసిరి: దరఖాస్తు పెట్టుకొన్నవారికి కొన్ని షరతులపై ఏకైక విక్రయాధికారము. మా అక్క మందు పేరు ఇమాటినిబ్. స్విట్జర్లాండు సంస్థయగు నోవార్టిస్ దానిని గ్లీవెక్ అను పేర అమ్ముచుండెను. ఆ సంస్థకు 2003 నవంబరులో ఆ యధికారము లభించెను. మద్రాసు న్యాయస్థానము కొన్ని దేశీయ సంస్థలను ఆపినది. బొంబాయి న్యాయస్థానము ఆపుటకు ఒప్పుకొనలేదు. దుకాణదారుడు తల యెత్తక చెప్పిన కోర్టు ఇదియే. న్యాయమునకు ఇంకొక మాట చెప్పవలెను. ఆ సంస్థ పేదరోగులకు ఉచితముగ మందు ఇచ్చు పథకము నడపినది. వేలకొలది భారతీయులు దానివలన బ్రతికిరి. మాకా సంగతి తెలిసి, కాగితములు కూర్చుకొనులోపలనే పొలము అమ్ముడు పోయినది. అది ఎవరి తప్పును కాదు, మా అజ్ఞానము.

ఇంతవరకు చదివిన పాఠకులు నేను పూర్తిగా ఒక పక్షమువాడనని తలంతురు. నేనును అట్లే తలచియుంటిని, 2013వ సంవత్సరము వరకు.

ఇంటర్మీడియట్టున సంస్కృతము తీసికొను పిల్లలకై నేనొక చిన్న పుస్తకము వ్రాసితిని. శబ్దరూపములు, ధాతురూపములు, సంధులు, పరీక్షలో వచ్చు ప్రశ్నలు. మూడేండ్లు రాత్రులు కూర్చుండి వ్రాసినది. మిర్యాలగూడలో ఒక ముద్రణాలయమున ఐదువందల ప్రతులు సొంత ఖర్చుతో వేయించితిని. వెల అరువది రూపాయలు. నూరు ప్రతులు అమ్ముడుపోవులోపల, కళాశాల ఎదుటి జిరాక్సు దుకాణమున నా పుస్తకము ఇరువది రూపాయలకు కుప్పలుగా దొరకుచున్నదని తెలిసినది. నేను పోయి రసాభాస చేసితిని. ఇప్పుడు తలచుకొన్న సిగ్గగును. పోలీసులను పిలుతునంటిని, దొంగయంటిని. అక్కడ నకలు తీయించుకొనుచున్న పిల్లవాడొకడు, మా పాఠశాలలో చదివినవాడే, చేతిలోని కాగితములు బల్లపై పెట్టి తలవంచుకొని వెళ్ళిపోయెను.

దీని తరువాత రెండు నెలలకు, ఏప్రిల్ 1వ తేదీన, సర్వోన్నత న్యాయస్థానము నోవార్టిస్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ సాయంకాలము అక్క యింట టీవీలో ఆ వార్త వచ్చుచుండెను. నకలు మందులకు విజయమని ఎవరో అనుచుండిరి. అక్క అంట్లు తోముచు విన్నది. ఆమె ఏడవ తరగతి వరకు చదివినది. చేతులు తుడుచుకొని వచ్చి, "తమ్మీ, నా మందు గూడ జిరాక్సేనా?" అని అడిగెను. నేను ఏదో చెప్పబోతిని. ఆమె మరల, "నీ పుస్తకం జిరాక్సు తీసుకుంటున్న పిల్లగాడు, పాసయిండా మరి?" అనెను. నేను ఆ దుకాణపు గొడవనంతయు అంతకుముందే ఆమెకు వీరోచితముగ చెప్పియుంటిని.

నాకు సమాధానము వెంటనే తోచలేదు. ఆ రాత్రి నిద్రయు రాలేదు. నా మూడేండ్ల రాత్రులు నావే అని నేను నమ్ముదును. అటులైనప్పుడు, ఆ బిళ్ళను కనుగొనుటకు రాత్రులు గడిపినవారివి వారివి కావా? ఆరెగానులో బ్రయాన్ డ్రూకర్ అను వైద్యుడు దానిని రోగులకిచ్చి చూచుటకు ఎంత పట్టుపట్టెనో చదివితిని. మందు కనుగొనుట సులభము కాదు. మన అంజిరెడ్డిగారి సంస్థయే 1990ల చివర మధుమేహమునకు ఒక కొత్త మందును కనుగొని, డెన్మార్కు సంస్థయగు నోవో నార్డిస్కునకు ఇచ్చినది. ఊరంతయు సంతోషించినది. 2002లో జంతుపరీక్షలలో కంతులు కనబడగా అది ఆగిపోయినది. ఇట్టి నష్టములను భరించువానికి ఒక ఫలము కనబడనిచో ఎవ్వడును పూనుకొనడు. ఇది పట్టించుకొనని వాదము సగము వాదమే.

రహస్యమును దాచుకొనుట ఇంకను చెడ్డది. మా ప్రక్కపల్లెలో పచ్చకామెర్లకు పసరుపోయు ముసలాయన ఒకడుండెను. ఆదివారము ఉదయమున ఆయన యింటి ముందు జనము గుమికూడెడివారు. ఒక్కపైసా తీసికొనెడివాడు కాడు. ఆకు పేరు మాత్రము ఎవరికిని చెప్పలేదు. చెప్పిన గుణము పోవునని నమ్మకము. కొడుకునకు కూడ చెప్పక చనిపోయెను. ఆ పసరులో గుణముండెనో లేదో ఇక ఎవ్వరును పరీక్షింపలేరు. డబ్బు తీసికొనకపోయినను ఆతడు చేసినది ఏకస్వమే, ఆతనితోనే ముగిసినది. ఆ లెక్కన ముద్రవేసిన తెరచిన పత్రము వేయి రెట్లు మేలు. ఇరువదియేండ్ల పిమ్మట అది ఎల్లరిదియు నగును.

అయినను అక్క ప్రశ్న తీరలేదు. కొన్నాళ్ళకు నాకొక సంగతి తోచినది. నా పుస్తకము కొనలేని పిల్లవాడు వేరొకరి పుస్తకము చదువుకొనవచ్చును, స్నేహితునిది ఒక రాత్రికి అరువు తీసికొనవచ్చును, తప్పిన మరల వ్రాయవచ్చును. మందుబిళ్ళకు అరువు లేదు, సెప్టెంబరు పరీక్ష లేదు. మరియు నేను నా పుస్తకమునకు అరువది రూపాయలు గాక అరువదివేలు పెట్టి, నూటికి ఇద్దరు మాత్రమే కొనుచున్నను, మిగిలినవారు చదువకూడదని అడ్డుపడితినేని, ఊరిలోని పెద్దమనుష్యులు నన్ను పిచ్చివానిగ చూచెడివారు. శ్రమకు ఫలము ఉండవలెననుట వేరు. ఆ ఫలము ఎంతయైనను, ఎవరు చచ్చినను ఉండవలెననుట వేరు. ఆ పిల్లవాని విషయమున నేను ఈ రెంటిని కలిపి మాట్లాడితిని.

ఇది నా ఊహ మాత్రమే కాదు. మన చట్టమునందే యున్నది. 2012 మార్చి 9వ తేదీన పేటెంటు కంట్రోలరు కురియన్ గారు ఇచ్చిన ఉత్తరువు చదివినప్పుడు నాకు నా జిరాక్సు దుకాణము జ్ఞాపకము వచ్చినది. కాలేయము, మూత్రపిండముల క్యాన్సరునకు బేయర్ సంస్థ నెక్సావర్ అను మందును నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముచుండెను. హైదరాబాదునకు చెందిన నాట్కో సంస్థ, మందు ప్రజలకు అందుట లేదు గనుక తామును చేయుటకు అనుమతింపవలెనని దరఖాస్తు పెట్టినది. అవసరమైన రోగులలో అతి కొద్దిమందికే అది చేరుచున్నదనియు, వెల అందుబాటులో లేదనియు, ఈ దేశమున దానిని తయారుచేయుట లేదనియు మూడు కారణములు చెప్పి కంట్రోలరు అనుమతించెను. నాట్కోవారు నెలకు 8,880 రూపాయలకు మించి అమ్మరాదు. బేయరునకు అమ్మకములపై నూటికి 6 వంతులు చెల్లింపవలెను. ఏటేట కనీసము ఆరువందల మంది పేదలకు ఊరక ఇయ్యవలెను. కనిపెట్టినవాని హక్కు కొట్టివేయబడలేదు, వానికి రావలసినది లెక్కకట్టి ఇప్పించిరి. అప్పీలులో ఆ వంతు 7 చేసిరి. వ్యాజ్యము పైపైకి పోయి 2014 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానమున ముగిసినది, అనుమతి నిలిచినది.

2013 నాటి తీర్పు వేరు విధమైనది. మన చట్టము 3వ విభాగమునందు (డి) అను ఒక ఉపవాక్యము కలదు. ఎరిగిన మందునకు చిన్న రూపభేదము చేసినంతమాత్రమున కొత్త పేటెంటు రాదు. రోగమును నయముచేయు గుణము హెచ్చినదని చూపవలెను. ఇమాటినిబ్ యొక్క ఒక కొత్త స్ఫటికరూపమునకు నోవార్టిస్ హక్కు కోరగా న్యాయమూర్తులు అఫ్తాబ్ ఆలంగారు, రంజనా దేశాయిగారు ఆ ఉపవాక్యమును పట్టుకొని నిరాకరించిరి. పాత పాఠమునకు కొత్త అట్టవేసి కొత్త పుస్తకమని అమ్ము ప్రచురణకర్తలను ఎరిగిన ఉపాధ్యాయులకు ఈ తీర్పు ఇట్టే అర్థమగును.

ఈ రెండు వ్యాజ్యములయందును ఉన్న నాట్కోవారి కర్మాగారములలో ఒకటి మాకు కూతవేటులో ఉన్నదని చెప్పిన అతిశయోక్తియే గాని, పెద్దవూర దాటి సాగరునకు పోవు దారిలో విజయపురి ఉత్తరమున ఉన్నది. నేను పిల్లలను ఆనకట్ట చూపుటకు తీసికొని పోవునప్పుడు దానిని కూడ చూపుదును. మా బడిలో చదివినవారు కొందరు అక్కడ పని చేయుచున్నారు. చూపునప్పుడు వారిని దేవతలుగా చేయకుండ జాగ్రత్తపడుదును. వారును వ్యాపారులే. అమెరికాలో లెనలిడోమైడ్ అను మందుపై అక్కడి హక్కుదారుతో 2015లో రాజీపడి, 2022నుండి పరిమితముగ అమ్ముకొను ఒప్పందము చేసికొని, మంచి లాభము పొందిరి. వ్యాపారి లాభమునకే పోవును. ఆ లాభపు దారి రోగి యింటి మీదుగా పోవునట్లు చేయుట చట్టము పని. మందులు చేయు ఊళ్ళ సంగతియు మరువరాదు. పటాన్‌చెరు వ్యర్థజలములలో మందుల అవశేషము ఎంత హెచ్చుగ ఉన్నదో 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. చవుకమందునకు ఎవరో ఒకరు తమ చెరువుతో వెల చెల్లించుచున్నారు. అది వేరొక వ్యాసమునకు తగిన సంగతి.

2025లో ఇంకొక వ్యాజ్యమున న్యాయస్థానముల ఉత్తరువులు వచ్చినవి. పుట్టుకతోనే కండరములు క్షీణించు ఒక జబ్బునకు రిస్డిప్లామ్ అను మందు కలదు. రోష్ సంస్థ దానిని సీసా ఆరు లక్షల రూపాయలకు పైగా అమ్ముచుండెను. నాట్కోవారు చేయకుండ ఆపవలెనని రోష్ వారు కోరగా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము రెండుమారులు నిరాకరించినది. అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము జోక్యము చేసికొనలేదు. వెంటనే 15,900 రూపాయలకు సీసా బయటికి వచ్చినది. పసిబిడ్డల తల్లిదండ్రులు ఆ వార్త ఎట్లు చదివియుందురో నేను ఊహింపగలను. పదిహేనువేలు కూడ మా ఊరిలో ఎంతమందికి అందునో అదియు ఊహింపగలను.

కాని 2012 నాటి అనుమతివంటిది ఆ తరువాత మరియొకటి రాలేదు. హైదరాబాదు సంస్థయే యగు లీ ఫార్మా వారు ఒక మధుమేహపు మందునకు అడుగగా 2016లో నిరాకరించిరి. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయమువారు ఏటేట ప్రకటించు జాబితాలో మన దేశమును కన్నేసి ఉంచవలసినవారి వరుసలో వ్రాయుచునే యున్నారు. చట్టము గూటిలో నున్నది. మూత తీయువారు లేరు. ఆరోగ్యము హక్కని మన రాజ్యాంగమున సూటిగా ఒక వాక్యము లేదు. 21వ అధికరణమున జీవించు హక్కు కలదు, 47వ దానిలో ప్రజారోగ్యము ప్రభుత్వ కర్తవ్యమని కలదు. న్యాయస్థానములు ఈ రెంటినుండి ఆ హక్కును పిండి తీసినవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తరువాత మావంటి పల్లెలవారు క్యాన్సరు పేరు వినగానే పొలము కాగితములు వెదకుట తగ్గినది. అది 2004లో లేదు.

చదువుకొన్న ఇండ్లలోని మనమును కొంత తప్పు చేయుచున్నాము. చవుకయైన మందు మంచిది కాదని మనకు గట్టి నమ్మకము. మా తోటి ఉపాధ్యాయుడొకడు తన తల్లికి దేశీయమైన మందు ఇయ్యనని, ఫారిను మందే కావలెనని అప్పు చేసెను. నకిలీమందులు లేవని నేననను. కాని నకిలీ వేరు, అనుమతితో పరీక్షింపబడి పలువురు చేయుమందు వేరు. మా అక్క ఆ పలువురు చేసిన బిళ్ళ మ్రింగియే కూతురి పెండ్లి చేసినది, మనుమరాలికి జడ వేయుచున్నది.

నా పుస్తకము రెండవ ముద్రణ 2015లో వచ్చినది. సర్వస్వామ్యములు గ్రంథకర్తవి అను పంక్తిని తీయలేదు. వెల ముప్పదికి దించితిని. ఆ పిల్లవాడు ఆ యేడు ఉత్తీర్ణుడైనాడని తరువాత తెలిసి, అక్కకు చెప్పితిని. ఆమె నవ్వినది.

పోయిన ఆదివారము డబ్బా ఇచ్చుటకు పోయినప్పుడు కాలువకు నీరు వదలియుండిరి. బావయు నేనును పొలమునకు పోతిమి. అమ్మిన ఎకరము ఉన్న రెండెకరములకును కాలువకట్టకును నడుమ నున్నది. కొన్నవారు నాట్లు వేయించుచుండిరి. గట్టు మీదుగా పోయిన రెండు నిముషముల దారి. బావ ఎప్పటివలెనే ఆ గట్టు ఎక్కలేదు. తుమ్మచెట్ల వెంబడి చుట్టు తిరిగి నడచినాడు. నేనును ఆయన వెనుక నడచితిని.